పేరు తెరకిచ్చేసిన సూర్యకాంతం

మనలి: ఉత్తర చెన్నైలో తెలుగు వినిపించే వీధులు ఇంకా చాలానే ఉన్నాయి. మనలి, తిరువొత్తియూరు, తండయార్‌పేట వైపు ఇళ్లలో పిల్లలు బడిలో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతారు. ఆ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం రాకపోవచ్చు. కానీ అత్తగారు గొంతు పెంచితే ఏమనాలో మాత్రం తెలుసు. సూర్యకాంతం అంటారు. అది ఒక మనిషి పేరని, ఆ మనిషి ఇదే నగరంలో బతికి, ఇక్కడే 1994 డిసెంబరులో కన్నుమూశారని చాలామందికి గుర్తుండదు. నిఘంటువులోకి ఇంకా ఎక్కలేదేమో గానీ వాడుకలో ఆ పేరు ఎప్పుడో మామూలు మాట అయిపోయింది.

ఒక నటికి ఇంతకంటే గొప్ప బిరుదు ఉండదు. ఇంతకంటే పెద్ద నష్టమూ ఉండదు.

సూర్యకాంతం అని కూతురికి పేరు పెట్టుకోవడానికి తెలుగువాళ్లు జంకే పరిస్థితి వచ్చిందంటే అది ఆమె చలవే. లక్షణమైన తెలుగు పేరుకు ఆమె తీరని అన్యాయం చేశారని నటుడు గుమ్మడి వెంకటేశ్వరరావు సరదాగా అనేవారట. ఆ మాటలో నవ్వు ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. పోలీసు వేషం వేసినవాడిని చూసి దొంగలు పారిపోరు. కానీ గయ్యాళి అత్త వేషం వేసినావిడను చూసి మాత్రం ఆడవాళ్లు నిజంగానే పక్కకు తప్పుకున్నారు. పలకరించబోతే ఎక్కడ కసురుకుంటుందోనని భయం. ఆ భయానికీ, ఆమె ఇంట్లో బతికిన బతుకుకూ సంబంధమే లేదు.

కాకినాడ నుంచి మౌంట్ రోడ్డుకు

ఆమె పుట్టింది 1924 అక్టోబరు 28న, తూర్పు గోదావరి జిల్లా కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో. తల్లిదండ్రులకు 14వ సంతానమని చెబుతారు. చిన్నతనంలోనే ఆట, పాట నేర్చుకున్నారు. కాకినాడ అప్పట్లో నాటకాల ఊరు. యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ వంటి సంస్థలు అక్కడ పనిచేసేవి. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి లాంటి వాళ్లు ఆ గాలి పీల్చే సినిమాల్లోకి వచ్చారు. ఈ అమ్మాయికి కూడా ఆ గాలి తగిలింది. దానికి తోడు ఊళ్లో గోడల మీద హిందీ సినిమా పోస్టర్లు. వాటిలో కనిపించే హీరోయిన్లలా తానూ కనిపించాలని కోరిక. అంటే ఆమె ఇల్లు కదిలింది అత్త వేషాల కోసం కాదు, హీరోయిన్ కావడానికి. తర్వాతి కథంతా ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకుని చదువుకోవాలి.

మద్రాసు వచ్చి జెమినీ స్టూడియోలో నర్తకిగా చేరారు. ఎస్.ఎస్.వాసన్ ఏళ్ల తరబడి తీసి 1948లో విడుదల చేసిన 'చంద్రలేఖ' అప్పుడు తయారవుతోంది. నెలకు 65 రూపాయల జీతం. అది చాలదని ఆమె నిలదీసి అడిగితే 75 చేశారని ఒక కథ ఉంది. ఊరు కాని ఊళ్లో, పెద్ద స్టూడియోలో, వరసలో ఎక్కడో నిలబడే అమ్మాయి జీతం గురించి నోరు విప్పడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. గుంపులో ఒకరిగా బతకడం ఆమెకు నచ్చలేదు. 1946లో వచ్చిన 'నారద నారది'లో చిన్న వేషం దొరికింది. అదే ఏడాది ఎల్.వి.ప్రసాద్ 'గృహప్రవేశం'లో కాస్త చెప్పుకోదగ్గ పాత్ర వచ్చింది. బొంబాయి వెళ్లి హిందీ సినిమాల్లో ప్రయత్నిద్దామనుకున్నారు గానీ చేతిలో అంత డబ్బు లేదు.

చివరికి హీరోయిన్ అవకాశం 'సౌదామిని' రూపంలో తలుపు తట్టింది. సరిగ్గా అప్పుడే కారు ప్రమాదం. ముఖానికి గాయమైంది. వేషం వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

ఇక్కడ హిందీ నటి లలితా పవార్‌ను తలుచుకోకుండా ఉండలేం. 1942లో ఒక షూటింగులో తోటి నటుడు కొట్టిన చెంపదెబ్బకు ఆమె ముఖం దెబ్బతింది, ఒక కన్ను చిన్నదైపోయింది. అప్పటిదాకా హీరోయిన్‌గా చేసిన మనిషి తర్వాత గయ్యాళి అత్తలకు, సవతి తల్లులకు పేరుపడ్డారు. రామానంద్ సాగర్ 'రామాయణ్'లో మంథర ఆవిడే. దేశంలో రెండు భాషలవాళ్లు ఏ ఇద్దరు అత్తలను చూసి జడుసుకున్నారో ఆ ఇద్దరూ దెబ్బ తగిలి ఆ దారికి మళ్లినవాళ్లే. సినిమావాళ్ల లెక్క అలా ఉంటుంది. ముఖంలో కాస్త తేడా వస్తే చాలు, మంచితనం వేరేవాళ్లకు రాసేస్తారు.

26 ఏళ్లకే అత్తగారు

దెబ్బ మానాక వచ్చిన సినిమా 'సంసారం'. ఎల్.వి.ప్రసాద్ దర్శకుడు, 1950 డిసెంబరులో విడుదల. అందులో ఆమెది గయ్యాళి అత్త. అప్పటికి సూర్యకాంతానికి నిండా 26 ఏళ్లు. అదే సినిమాలో కుర్రవేషాలు కట్టిన ఇద్దరిలో ఎన్.టి.రామారావు ఆమెకంటే ఏడాదిన్నర పెద్ద. అక్కినేని నాగేశ్వరరావు ఆమె పుట్టిన సంవత్సరంలోనే పుట్టారు. వాళ్లు ఆ తర్వాత మూడు దశాబ్దాలు హీరోలుగానే ఉన్నారు. ఈమె మాత్రం ఆ ఒక్క సినిమాతో ముసలితనం పుచ్చుకున్నారు.

1957లో 'మాయాబజార్' వచ్చేనాటికి ఆమె హిడింబి. కొడుకు ఘటోత్కచుడు ఎస్.వి.రంగారావు. కొడుకు వేసినాయన తల్లి వేసినావిడ కంటే ఆరేళ్లు పెద్ద! చూసేవాళ్లకు అది అస్సలు తట్టదు. ఆ సినిమాలో ఆమె గయ్యాళి కాదు, కొడుకు మీద ప్రాణం పెట్టుకున్న రాక్షసి తల్లి. కనిపించేది కాసేపే అయినా ఆ కాసేపట్లో ఎంత మెత్తదనం చూపించారో ఈసారి టీవీలో వచ్చినప్పుడు గమనించాలి.

సంసారం తర్వాత కూడా ఒక ఆశ మిగిలే ఉంది. బొంబాయి నిర్మాత ఒకరు హీరోయిన్ వేషం ఇస్తామన్నారు. తీరా చూస్తే ఆ వేషానికి ముందు ఇంకొకరిని పెట్టుకుని, తీసేసి, ఈమెను పిలిచారని తెలిసింది. ఇంకో ఆడపిల్ల నోటి దగ్గర కూడు లాక్కోవడం ఇష్టం లేక సూర్యకాంతం ఆ అవకాశం వదిలేసుకున్నారు. ఆమె గురించి రాసినవాళ్లందరూ చెప్పే సంగతే ఇది. ఏ కోరికతో ఇల్లు వదిలి వచ్చారో ఆ కోరిక తీరే చివరి దారిని తానే మూసేసుకున్నారు. ఇది జరిగింది తెర వెనక కాబట్టి ఎవరూ చూడలేదు. తెర మీద కోడలి నోటి దగ్గర కంచం లాక్కోవడం మాత్రం రాష్ట్రమంతా చూసింది.

1950లోనే ఆమె పెళ్లి జరిగింది. భర్త పెద్దిభొట్ల చలపతిరావు న్యాయరంగానికి చెందినవారు. పిల్లలు లేరు. అక్క కొడుకును తెచ్చుకుని పెంచుకున్నారు. ఈ సంగతి చదివాక 1961లో వచ్చిన 'వెలుగు నీడలు' ఒకసారి చూడాలి. అందులో ఆమె కనకదుర్గమ్మ. పిల్లలు లేని ఇంటికి ఒక పాపను తెచ్చుకుంటారు. తీరా తన కడుపున బిడ్డ పుట్టాక ఆ పెంపుడు పాప కంటగింపు అయిపోతుంది. ఆ కసి, ఆ విసుగు ఎంత సహజంగా ఉంటాయంటే, చూసినవాళ్లు ఆ అభం శుభం తెలియని పిల్లను తలుచుకుని కంటతడి పెట్టారు. సాయంత్రం మేకప్ తీసేసి ఇంటికి వెళ్లి పెంచుకున్న బిడ్డకు అన్నం కలిపి పెట్టే మనిషి పగలంతా ఈ వేషం ఎలా వేసిందో ఆలోచిస్తే ఆశ్చర్యం వేస్తుంది.

ఎడమచేతి వాటం

ఆమె గయ్యాళితనంలో ఏం ఉంది? కోపం ఒక్కటే అయితే జనం తిట్టుకునేవాళ్లు, అంతే. నవ్వేవాళ్లు కాదు. హాల్లో ఆమె కనిపించగానే ముందు భయపడి, మరుక్షణం నవ్వారు. ఆ రెండూ కలిపి తెప్పించడం అందరివల్లా కాదు.

ఆమెది ఎడమచేతి వాటం. మాట్లాడుతున్నప్పుడు ఎడమచెయ్యి తిప్పుతూ, వేలు ఆడిస్తూ ఉంటే ఎదుటి మనిషి సగం చచ్చిపోయేవాడు. ఎడమచేత్తో ఇవ్వడం, చూపించడం మన ఇళ్లలో మర్యాద కాదు కదా. అందుకే ఆ చెయ్యి లేస్తేనే ఏదో తప్పు జరిగినట్టు ఉండేది. ఆమె దాన్ని దాచుకోలేదు, వాడుకున్నారు. ఇక మాట. గోదావరి జిల్లా యాస, ఊపిరి తిప్పుకోకుండా దంచే వేగం, మధ్యలో ఒక సాగదీత. తిడుతున్నప్పుడు కూడా మాట స్పష్టంగా వినపడేది, ఒక్క అక్షరం జారేది కాదు. డబ్బున్నవాళ్ల ముందు అదే గొంతు ఒక్కసారిగా తేనె ఒలికించేది. ఆ మార్పే నవ్వు తెప్పించేది. కోడలి మీద అరుస్తూ అరుస్తూ గుమ్మంలో వియ్యపురాలు కనిపిస్తే ముఖం ఎలా మారాలో ఆమెను చూసి నేర్చుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. ఆమె వేసిన అత్తలు చాలావరకు తెలివితక్కువ గడుసువాళ్లు. అన్నీ తమకే తెలుసనుకుంటారు, ఎవరో ఒకడు చెవిలో ఊదితే నమ్మేస్తారు, చివరికి తాము తవ్విన గోతిలో తామే పడతారు. శరత్ కథ ఆధారంగా వచ్చిన 'తోడికోడళ్లు' (1957)లో రేలంగి భార్యగా ఉమ్మడి ఇంట్లో ఆమె పెట్టే చిచ్చు చూస్తే అది తెలుస్తుంది. అసూయ ఎక్కువ, ముందుచూపు తక్కువ. అలాంటి మనిషి ప్రతి వీధిలోనూ ఉంటుంది కాబట్టి జనానికి ఆమె పరాయి మనిషిగా కనిపించలేదు.

తమిళ సినిమాల్లో ఈ కోవకు చెందిన నటి అంటే సి.కె.సరస్వతి. 'తిల్లానా మోహనాంబాళ్' (1968)లో మోహన తల్లిగా ఆమె చూపించిన డబ్బు ఆశ ఇక్కడివాళ్లకు బాగా గుర్తు. రెండు భాషల సినిమాలూ చూసి పెరిగినవాళ్లు ఈ ఇద్దరినీ పోల్చి చూస్తుంటారు. సరస్వతి నిజంగా భయపెడతారు. సూర్యకాంతం భయపెట్టి, ఆ వెంటనే తానే నవ్వులపాలవుతారు. మామియార్ కథలకు అక్కడా ఇక్కడా కొదవలేదు గానీ, మామియార్‌ను చూసి కోడళ్లు కూడా పడీపడీ నవ్వింది మాత్రం సూర్యకాంతం సినిమాలకే.

మధురవాణి పక్కన మీనాక్షి

మనలి పేరు రంగస్థలానికి కొత్త కాదు. 18వ శతాబ్దంలో అరుణాచల కవి 'రామ నాటకం' పాటలను ఆదరించిన దాతల్లో మనలి ముత్తుకృష్ణ ముదలియార్ పేరు సంగీతం తెలిసినవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. అది భక్తి నాటకం. మన తెలుగు రంగస్థలానికి వస్తే, లోకం వేసిన ముద్రకూ లోపలి మనిషికీ ఉండే దూరాన్ని హాస్యంగా చెప్పిన నాటకం గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. అందులో మధురవాణి ఆటపాటలతో బతికే వేశ్య. ఊరి పెద్దమనుషులంతా రాత్రి ఆమె గుమ్మం ఎక్కి, పగలు ఆమె పేరెత్తితే ముఖం చిట్లిస్తారు. నాటకం ముగిసేసరికి ఆ పెద్దల గుట్టు బయటపడుతుంది. అందరిలోకీ నికరమైన మనసు మధురవాణిదని తేలుతుంది.

1955లో పి.పుల్లయ్య దర్శకత్వంలో ఈ నాటకం సినిమాగా వచ్చింది. సావిత్రి మధురవాణి, ఎన్.టి.రామారావు గిరీశం, గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి వేషం సూర్యకాంతానిది. వితంతువైన కూతురు, రామప్పపంతులు మాటలు నమ్మి మోసపోయే మనిషి. నాటకంలో నవ్వుకు సామగ్రిగా కనిపించే మీనాక్షి నిజానికి ఎంత దిక్కులేనిదో ఆలోచిస్తే గుండె తరుక్కుపోతుంది. ఆ సినిమాలో పక్కపక్కన నటించిన ఈ ఇద్దరి సొంత కథలూ చిత్రంగా సాగాయి. సావిత్రి తెర మీద దేవత. ఆమె ఇంటి కష్టాలు, చివరి రోజులు పత్రికలకెక్కాయి. 1981లో పోయేనాటికి ఆమె బతుకులో దాపరికమే మిగల్లేదు. సూర్యకాంతం తెర మీద రాక్షసి. ఇంటి సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే అక్కడ రాయడానికి గొడవే లేదు. భర్త, బిడ్డ, వంటిల్లు, పూజ, పొద్దున్నే షూటింగు. అంతే.

క్యారియర్ నిండా భోజనం

వంటిల్లు అంటే గుర్తొచ్చింది. ఆమెతో పనిచేసిన నటులు, సాంకేతిక నిపుణులు ఎవరిని కదిపినా ముందు తిండి సంగతే చెప్పేవారు. ఇంట్లో తన చేత్తో వండి, పెద్ద క్యారియర్లలో సెట్‌కు తెచ్చి, అందరికీ వడ్డించేవారు. పిండివంటలు చేసుకొస్తే లైట్‌బాయ్ దాకా అందాల్సిందే. తెర మీద కోడలికి గంజి పోయని మనిషి దగ్గర మధ్యాహ్నం ఎంత మంది కడుపు నింపుకున్నారో లెక్క లేదు. కొసరి కొసరి వడ్డించేటప్పుడు కూడా గొంతు మాత్రం అదేనట. వద్దంటే ఊరుకునేవారు కాదు. కొత్తగా వచ్చినవాళ్లకు ఆప్యాయతో, గదమాయింపో అర్థమయ్యేది కాదు.

చిత్తూరు నాగయ్య మీద సినిమా లోకంలో అందరికీ గౌరవం. ఒక సన్నివేశంలో ఆయన్ను నానా మాటలూ అనాల్సి వచ్చింది. షాట్ అయిపోగానే సూర్యకాంతం ఆయన కాళ్లకు దండం పెట్టి మన్నించమని వేడుకున్నారని చెబుతారు. వేషం వేరు, మనిషి వేరు అని ఎదుటివాళ్లకు చెప్పాల్సిన అవసరం ఆమెకు రోజూ ఉండేది. మంచి పాత్రలు వేసేవాళ్లకు ఆ బాధ ఉండదు. వాళ్ల పాత్రల మంచితనం ఉచితంగా వాళ్ల ఖాతాలో పడుతుంది.

అలాగని ఆమె మరీ అమాయకురాలేం కాదు. డబ్బు విషయంలో కచ్చితం. ఒప్పుకున్న పారితోషికం ఒప్పుకున్న రోజుకు చేతిలో పడాల్సిందే, మొహమాటాలు లేవు. అరువులు, బాకీలు ఎగ్గొట్టడం సినిమా పరిశ్రమలో మామూలే కాబట్టి నిర్మాతలు ఆమె దగ్గర జాగ్రత్తగా ఉండేవాళ్లు. సెకండ్ హ్యాండ్ కార్లు కొని, బాగుచేయించి, మంచి ధరకు అమ్మే సైడు వ్యాపారం కూడా చేశారంటారు. ఈ కచ్చితత్వాన్ని చూసి తెర మీద గయ్యాళితనం నిజమేనని కొందరు అనుకుని ఉండొచ్చు. మగ నటుడు ఇదే పని చేస్తే క్రమశిక్షణ అంటాం. 65 రూపాయలను 75 చేయించుకున్న అమ్మాయి చివరిదాకా మారలేదు, అంతే. ఆ రోజుల్లో లక్షలు గడించి అప్పులపాలైన తారలు ఎంతమందో. ఆ జాబితాలో ఈవిడ లేరు.

హీరోలను దాటిన గుండమ్మ

1962 జూన్ 7న 'గుండమ్మ కథ' విడుదలైంది. వడపళని విజయా వాహినీ స్టూడియోలో నాగిరెడ్డి, చక్రపాణి తీసిన సినిమా. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, డి.వి.నరసరాజు మాటలు. ఎన్టీఆర్‌కు అది నూరో సినిమా, అక్కినేనికి 99వది. సావిత్రి, జమున, ఎస్.వి.రంగారావు, రమణారెడ్డి, హరనాథ్, ఛాయాదేవి. ఇంతమంది మహామహులుండగా సినిమా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది. హీరోల పేరు మీదే సినిమా అమ్ముడుపోయే రోజుల్లో ఇద్దరు అగ్రహీరోలు ఒక గయ్యాళి అత్త పేరున్న సినిమాలో నటించారు. ఇది అప్పుడూ, ఆ తర్వాతా అరుదే.

కథ కన్నడ సినిమా 'మనె తుంబిద హెణ్ణు' నుంచి తీసుకున్నారు. గుండమ్మ అనేది అక్కడి పేరే. తెలుగింటి అత్తకు అది అతకదని ఎవరైనా అనుకుని ఉంటే, ఆ సంశయం సినిమా విడుదలయ్యాక ఎగిరిపోయింది. జమున, అక్కినేని మధ్య నడిచే కథలో షేక్స్‌పియర్ గయ్యాళి పెళ్లాం నాటకం పోలికలు ఉన్నాయని చదువుకున్నవాళ్లు అంటారు. ఆ ఇంగ్లిష్ నాటకంలో దారికి తెచ్చేది పెళ్లాన్ని. ఇక్కడ కూతురితో పాటు తల్లినీ దారికి తెస్తారు. తల్లి కథే ఎక్కువ రక్తి కట్టింది.

ఆ పాత్రకు సూర్యకాంతం పెద్దగా నటించాల్సిన పని లేదని, మామూలుగా మాట్లాడినా గయ్యాళిగానే ఉంటుందని చక్రపాణి లెక్క వేశారని పరిశ్రమలో చెప్పుకుంటారు. నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ ఈ మాట ఆమె పనికి న్యాయం చేయదు. సినిమాను కాస్త జాగ్రత్తగా చూస్తే తెలుస్తుంది. గుండమ్మ దుర్మార్గురాలు కాదు. భర్త పోయాక ఆస్తినీ, పిల్లలనూ ఒంటిచేత్తో చూసుకుంటున్న ఆడది. సవతి కూతురు లక్ష్మిని పనిమనిషిని చేసింది నిజమే. కానీ పాలు పోసే గంటయ్య మాటలు వేదవాక్కుగా నమ్ముతుంది. సరోజకు వచ్చిన సంబంధాలన్నీ వాడు చెడగొడుతున్నా కనిపెట్టలేదు. పనివాడిలా వచ్చిన అంజి చేతిలో తెలియకుండానే ఆటబొమ్మ అవుతుంది. నోరు పెద్దది, మనిషి అమాయకం.

చివర్లో ఛాయాదేవి వేసిన దుర్గమ్మ ఇంట్లో దిగి, గుండమ్మను ఆమె ఇంట్లోనే దిక్కులేనిదాన్ని చేస్తుంది. అప్పటిదాకా హాలు మొత్తం ఈమెకు ఎప్పుడు బుద్ధొస్తుందా అని ఎదురుచూసింది. తీరా వచ్చేసరికి సరదా పడలేకపోయింది. గుండమ్మ గొంతులో ఆ దబాయింపు పోయి, బేలతనం వచ్చిన ఆ కాసేపు ఎవరూ నవ్వరు. ఆదుకోవడానికి వచ్చేది ఎవరు? ఇన్నాళ్లూ చాకిరీ చేయించుకున్న లక్ష్మే. అక్కడ సూర్యకాంతం ముఖం చూడాలి. మామూలుగా మాట్లాడితే సరిపోయే సన్నివేశం కాదది.

'మనిదన్ మారవిల్లై' పేరుతో విజయావాళ్లు తమిళంలోనూ ఇదే కథ తీశారు. తెలుగులో వచ్చినంత పేరు అక్కడ రాలేదు.

అందరూ వెళ్లిపోయాక

1970ల నుంచి తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలడం మొదలైంది. అక్కినేని 1976లో అక్కడ అన్నపూర్ణ స్టూడియో కట్టారు. ఒక్కొక్కరే సామాను సర్దుకున్నారు. సూర్యకాంతం మద్రాసులోనే ఉండిపోయారు. వేషాలు తగ్గాయి. అత్తల కథలూ తగ్గాయి. కొత్త సినిమాల్లో అత్త అంటే హీరోతో సరసాలాడే పొగరుబోతు షోకిలా అయింది. చీర కొంగు బొడ్లో దోపి, గుమ్మంలో నిలబడి వీధి వీధంతా వినపడేలా అరిచే అత్తకు తెర మీద చోటు లేకుండా పోయింది. అప్పుడప్పుడూ బామ్మ వేషాలకు పిలుపొచ్చేది. 1994లో వచ్చిన చిరంజీవి సినిమా 'ఎస్.పి.పరశురామ్' ఆమె చివరి సినిమాల్లో ఒకటి. ఆ ఏడాది డిసెంబరులోనే, 70 ఏళ్ల వయసులో ఆమె వెళ్లిపోయారు.

వందల సినిమాలు చేసినా పద్మ పురస్కారాల్లో ఆమె పేరు లేదు. తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం మాత్రం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆడపిల్లలు చదువుకునే విశ్వవిద్యాలయం గయ్యాళి అత్తకు పట్టం కట్టడం కన్నా సబబైన సన్మానం ఇంకొకటి ఉండదేమో. ఆ పట్టా అందుకున్నది గుండమ్మ కాదు, కాకినాడ నుంచి ఒంటరిగా వచ్చి సొంత కాళ్ల మీద నిలబడ్డ మనిషి.

2024తో ఆమె పుట్టి నూరేళ్లు నిండాయి. 'గుండమ్మ కథ'ను మళ్లీ తీయాలని ఎన్టీఆర్, అక్కినేని మనవళ్ల పేర్లతో ఎన్నిసార్లు మాట వచ్చిందో లెక్క లేదు. అంజి వేషానికి ఒక మనవడు, రాజా వేషానికి ఇంకో మనవడు సిద్ధంగానే ఉన్నారు. సావిత్రి వేషానికి, జమున వేషానికి కూడా పేర్లు వినిపించాయి. ప్రతిసారీ చర్చ ఒక్కచోటే వచ్చి ఆగింది. గుండమ్మ ఎవరు? ఆ వేషానికి మనిషి దొరకలేదు, సినిమా మొదలు కాలేదు.